డయాలసిస్ గదిలో మడి, వజూ

శుచి అనే మాట మన పల్లెలకు కొత్తది కాదు. ముదిగొండ వంటి ఊరిలో ఒక ఇంట మడిబట్ట దండెం మీద ఆరుచుండును. ఆ వెనుక వీధిలో అజాన్ వినబడగానే పెద్దలు చెంబునీళ్ళతో వజూకు కూర్చుందురు. మడి కట్టుకొన్న అవ్వను ఆడుకొనుచు వచ్చిన మనుమడు తాకినచో ఆమె విసుగుకొనవచ్చును గాని, "వేలి కొనయే కదా తగిలినది" అని సరిపెట్టుకొనదు. తిరిగి స్నానం చేసి, తిరిగి మడి కట్టుకొనును. వజూ భంగమైన నమాజీ కూడ సగం నుండి మొదలుపెట్టడు. లేచి వెళ్ళి మొదటి నుండి చేసుకొనును. ఈ రెండు ఆచారాల మధ్య ఎంత భేదమున్నను ఒక సూత్రం మాత్రం ఉమ్మడిగా ఉన్నది. శుచికి సగం లేదు. ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న. తెగినచో మళ్ళీ మొదటి నుండి చేయుటలో అవమానమూ లేదు.

ఈ సూత్రమే ఆసుపత్రి గదిలో ప్రాణం నిలుపుచున్నదనియు, దానిని మరచిన క్షణమున ప్రాణం మీదికి తెచ్చుచున్నదనియు మేము గడచిన కొన్ని సంవత్సరాలలో తెలిసికొన్నాము. మా మేనమామగారు, మేము మామూ అని పిలుచుకొనే పెద్దవారు, మూత్రపిండాలు రెండూ చెడి డయాలసిస్ మీద జీవించుచున్నారు. వారానికి మూడు మార్లు ముదిగొండ నుండి పట్టణానికి వారిని తీసికొని పోవుట మా అన్నదమ్ములకు వంతు. యంత్రం పక్కన బల్ల మీద నాలుగేసి గంటలు కూర్చున్న మాకు ఆ గదియే రెండవ పాఠశాల అయినది. అక్కడ నేర్చుకొన్న పాఠాన్ని మన కళాశాల సోదర సోదరీమణుల ముందుంచుట ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించవలెను. కంటికి శుభ్రంగా కనబడుట వేరు, సూక్ష్మజీవులు లేకుండుట వేరు. తెల్లని దుప్పటి, తుడిచిన నేల, మెరిసే యంత్రం, ఇవన్నీ శుభ్రానికి గుర్తులు. కాని మనిషి చర్మం మీద, ముక్కుపుటాలలో సహజంగానే కోట్లాది జీవులు నివసించును. వాటిలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి చర్మం మీద ఉన్నంతవరకు చాలమందికి హాని చేయదు. రక్తంలో ప్రవేశించినచో గుండె కవాటాలను, వెన్నుపూసలను పట్టి పీడించగలదు. కావున దోషం ఆ జీవి ఉండుటలో కంటె, దానికి దారి ఇచ్చుటలోనే అధికంగా ఉన్నది.

ఈ సత్యాన్ని లోకం సులభంగా ఒప్పుకొనలేదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ఒక విషయం కనిపెట్టినాడు. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు బాలింతల వద్దకు వచ్చుట వలన సూతికాజ్వరం వ్యాపించుచున్నదని గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగవలెనని నియమం పెట్టినాడు. మరణాలు గణనీయంగా తగ్గినవి. అయినను తోటి వైద్యులలో అనేకులు దానిని తమ గౌరవానికి భంగంగా భావించినారు. పెద్దమనిషి చేతులు మురికివి ఎట్లగును? 1865లో ఆ మహనీయుడు పిచ్చాసుపత్రిలో, గాయం చీము పట్టి రక్తం విషమై మరణించినాడు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో శస్త్రచికిత్స గాయాలను కాపాడు పద్ధతిని ప్రకటించిన తరువాతనే ఈ భావం క్రమంగా వేరూనినది. చేతులు కడుక్కొమ్మని అడుగుట అవమానమా అన్న ప్రశ్న ఆనాటిదే; నేటికీ అది ఆసుపత్రి గదులను వదలిపోలేదు.

ఇక డయాలసిస్ సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, జర్మనుల ఆక్రమణలో ఉన్న హాలెండులోని కాంపెన్ అనే చిన్న పట్టణంలో, 1943లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు మొదటి కృత్రిమ మూత్రపిండాన్ని పనిచేయించినాడు. మాంసపు సాసేజ్‌లకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టెలో తిప్పినాడు. ఎందరో రోగులు దక్కకపోయిన పిదప 1945లో ఒక వృద్ధ స్త్రీ ఆ యంత్రం వలన బ్రతికి బయటపడినది. కాని ప్రతి మారు కొత్త రక్తనాళాన్ని కోయవలసి వచ్చినందున దీర్ఘకాలపు చికిత్స సాధ్యపడలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి నాళాలలో టెఫ్లాన్ గొట్టాలను శాశ్వతంగా ఉంచు ఉపాయం కనిపెట్టినాడు. ఆ విధంగా చికిత్స పొందిన క్లైడ్ షీల్డ్స్ అనే యంత్రకార్మికుడు ఆపై 11 సంవత్సరాలు జీవించినాడు. అయితే చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చిన గొట్టం సూక్ష్మజీవులకు తెరచిన తలుపు. రక్తం గడ్డకట్టుట, చీము పట్టుట ఆ పద్ధతిని వెన్నాడిన రెండు బాధలు. 1966లో న్యూయార్కులో బ్రెషియా, సిమినో మున్నగు వైద్యులు చేతిలోని ధమనిని, సిరను చర్మం కిందనే కలిపి ఫిస్టులాను రూపొందించు పద్ధతిని ప్రకటించినారు. తలుపు మూసికొన్నది, సూది గుచ్చినప్పుడు మాత్రమే తెరచుకొనును. డయాలసిస్ చరిత్ర అంతయు ఒక విధంగా ఈ తలుపు చరిత్రయే.

ఆ తలుపు ఎన్ని మార్లు తెరచుకొనునో లెక్క చూడుడు. వారానికి మూడు మార్లు అనగా సంవత్సరానికి 156 మార్లు. ఫిస్టులా ఉన్న రోగికి ప్రతి మారు రెండు సూదులు, అనగా ఏడాదికి 312 పోట్లు. నిమిషానికి సుమారు 250 నుండి 300 మిల్లీలీటర్ల రక్తం బయటికి వచ్చి, డయలైజర్ అనే వడపోత గొట్టం గుండా పోయి తిరిగి ఒంటిలో చేరును. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలలో 120 లీటర్ల డయాలసిస్ ద్రవం ఆ వడపోత పొరకు ఆవలి వైపున ప్రవహించును. మనం తాగే నీరు దినానికి రెండు మూడు లీటర్లు. ఇది పేగు వడకట్టని, కాలేయం శోధించని నీరు, పలుచని పొర ఒక్కటే అడ్డుగా రక్తానికి ఎదురుగా నిలుచు నీరు. 1996లో బ్రెజిల్ దేశపు కరువారు పట్టణంలో సరిగా శుద్ధి చేయని చెరువునీటితో డయాలసిస్ జరిపినందున, నాచులో పుట్టిన విషం రోగుల కాలేయాలను దెబ్బతీసి 50 మందికి పైగా మరణించినారు. అది సూక్ష్మజీవి రక్తంలో పడిన కథ కాదు. అయినను కంటికి కనబడని దానిని నమ్మరాదన్న హెచ్చరిక అందులో ఉన్నది.

ఫిస్టులా పక్వమగుటకు వారాలు, నెలలు పట్టును. ఆలోగా ప్రాణం నిలుపుటకు మెడలోని పెద్ద సిరలో కాథెటర్ అనే గొట్టం అమర్చెదరు. దాని లోపలి కొన గుండె చెంత ఉండును; బయటి కొనలు రెండు రొమ్ము మీద మూతలతో వ్రేలాడుచుండును. ఆ మూతలు తీసి, యంత్రపు గొట్టాలు తగిలించు కొద్ది క్షణాలే అత్యంత ప్రమాదకరమైనవి. నియమం చెప్పుటకు సులభం. చేతులు కడుగవలెను, రోగికీ సిబ్బందికీ ముఖానికి మాస్కు ఉండవలెను, కొత్త గ్లౌజులు తొడుగవలెను, గొట్టపు కొనను మందుతో రుద్ది, ఆ మందు ఆరునంతవరకు ఆగవలెను, తెరచిన కొన మరి దేనికీ తగలరాదు. ఈ ఐదింటిలో నాలుగు చేసి ఒకటి విడిచినచో అయిదింట నాలుగు వంతుల రక్షణ దొరకదు. మందు ఆరక ముందే తగిలించినచో రుద్దిన శ్రమ వృథా. గ్లౌజు తొడిగిన చేతితో యంత్రపు మీటను నొక్కి, అదే చేతితో గొట్టపు కొనను పట్టినచో ఆ గ్లౌజు రోగిని కాపాడదు. తొడిగినవానిని మాత్రమే కాపాడును. మడి తెగినదని అవ్వకు తెలిసినంత స్పష్టంగా ఆ చేతికి తెలియవలెను.

మా మామూకు కాథెటర్ ఉన్న రోజులలోనే ఆ ఆపద వచ్చినది. అది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఒక జట్టు రోగులు దిగుచు, మరొక జట్టు ఎక్కుచున్న వేళ. పక్క మంచం వద్ద రక్తపు గొట్టాలు విప్పిన యువకుడే, యంత్రం కూత పెట్టగా దానిని ఆపి, అవే గ్లౌజులతో మామూ గొట్టపు మూతలు తీసినాడు. చికిత్స మొదలైన గంటకు మామూకు వణుకు పుట్టినది. రెండు కంబళ్ళు కప్పినను పళ్ళు కటకటలాడినవి. పిమ్మట తీవ్ర జ్వరం. రక్తపరీక్షలో స్టెఫైలోకాకస్ బయటపడినది. కాథెటర్ తీసివేసి, మరొక చోట అమర్చి, వారాల తరబడి మందులు ఎక్కించినారు. ఆ ఒక్క స్పర్శయే కారణమని మేము నిరూపించలేము. సూక్ష్మజీవి తాను వచ్చిన దారిని వ్రాసి పెట్టదు. కాని ఆ యువకుడు దుర్మార్గుడు కాడని మాత్రం నిశ్చయంగా చెప్పగలము. అతడు ఆ పూట ఎనిమిది మంచాల మధ్య ఒంటరిగా పరుగెత్తుచుండెను.

ఈ వ్యాధి ఒక్కరి నుండి ఒక్కరికి మాత్రమే పరిమితమైనది కాదు. 1969-70 సంవత్సరాలలో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరపు డయాలసిస్ కేంద్రంలో హెపటైటిస్-బి కామెర్లు ప్రబలి, రోగులతోపాటు సేవ చేసిన సిబ్బంది కూడ మరణించినారు. దాని దరిమిలా 1972లో బ్రిటనులో రోజెన్‌హైమ్ నివేదిక వెలువడి, రోగులను పరీక్షించుట, వ్యాధి ఉన్నవారికి వేరు యంత్రం, రక్తం చిందిన చోట శుద్ధి మున్నగు నియమాలు ఏర్పడినవి. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరక మీద, అది కంటికి కనబడనంత స్వల్పమైనను, ఏడు రోజులైనను బ్రతుకగలదు. కుర్చీ చేతి మీద, క్లాంపు మీద, యంత్రపు మీట మీద అది నిరీక్షించుచుండును. 1989లో గుర్తించిన హెపటైటిస్-సి వైరస్ మరొక దారిలో వచ్చును. రక్తం గడ్డకట్టకుండ వేయు హెపారిన్ మందు ఒక సీసా నుండి పలువురికి తీయుదురు. ఒకరికి వాడిన సిరంజి ఒక్క మారు తిరిగి ఆ సీసాలో మునిగినచో చాలును. ఆ పూట రోగులందరి రక్తం ఒక్కటైనట్లే. మనుష్యులందరి రక్తం ఒక్కటేనని వేదికల మీద చెప్పుదుము. డయాలసిస్ గదిలో మాత్రం ఎవరి రక్తం వారిదిగా ఉండుటయే ధర్మం.

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్య విషయానికి వచ్చుచున్నాము. ఈ నియమాలన్నియు పుస్తకాలలో ఉన్నవి, అనేక ఆసుపత్రుల గోడల మీద కూడ ఉన్నవి. వాటిని ఎక్కువసార్లు చూచువాడు రోగియే. నాలుగు గంటలు కదలక పడుకొని, ఎవరు ఏ చేతితో దేనిని తాకుచున్నారో అతడు చూచినంతగా మరెవ్వరూ చూడరు. కాని అతడు నోరు విప్పడు. అడవి వైపు పల్లె నుండి వచ్చు ఒక రైతు మా పక్క మంచం వారు. మామూకు జ్వరం వచ్చిన సంగతి విని ఆయన అన్న మాట మాకు నేటికీ గుర్తున్నది. "చూస్తనే ఉంటం సారూ. అడిగితే కోపమొస్తదేమో. వారానికి మూడుమాట్లు వాళ్ళ చేతిల్నే గదా మన పానం." చర్ల, దుమ్ముగూడెం వంటి చోట్ల నుండి భద్రాచలం చేరుటకు తెల్లవారుజామున బయలుదేరు మనిషి, ఒక్క మంచం దొరికినదే పదివేలు అనుకొను మనిషి, సిస్టర్‌ను ప్రశ్నించుటకు ఎంత ధైర్యం కావలెను? ఊరకున్నంత ఉత్తమం లేదని సామెత. ఈ ఒక్క గదిలో ఆ సామెత చెల్లదు.

మామూ కోలుకొని తిరిగి కేంద్రానికి వెళ్ళిన మొదటి దినముననే అడిగినారు. వారిది పొలంలో పెరిగిన కంఠమైనను ఆ వేళ మృదువుగా పలికినది. "అమ్మా, కోపం చేసుకోకండి. ఆ మిషన్ ముట్టుకున్నారు గదా, గ్లౌజులు ఒకసారి మార్చుకుంటారా?" సిస్టర్ క్షణం ఆగి తన చేతులు చూచుకొన్నది. "నిజమే పెద్దాయనా, మీరు చెప్పడమే మంచిదయింది. ఇట్లనే గుర్తు చేస్తుండండి" అని గ్లౌజులు విప్పి, చేతులు కడుగుకొని వచ్చినది. బయటికి వచ్చిన పిమ్మట మామూ మాతో అన్నారు: "వజూ పోయిందని పక్కవాడు చెబితే వాడి మీద కోపం వస్తుందా బేటా? నమాజు దక్కించినందుకు దువా చేస్తాం." ఆ తరువాత ఆ వరుసలోని మరి ఇద్దరు రోగులు కూడ అడుగసాగినారు. అందరు సిబ్బందియు ఆ సిస్టర్ వలెనే స్వీకరించినారని చెప్పము. కొందరు ముఖం చిట్లించినారు. అయినను చేతులు మాత్రం కడుగుకొన్నారు.

ఇచ్చట పోలికకు ఒక హద్దు ఉన్నదని కూడ చెప్పవలెను. వజూ నీరు ఆత్మను ఆరాధనకు సిద్ధం చేయునే గాని కాథెటర్‌ను కాపాడదు. పైగా మెడ మీది కట్టు తడిసినచో అదియే ప్రమాదం. మా పెద్దలను విచారింపగా, నీరు హాని చేయు రోగికి తయమ్ముమ్ అనుమతి ఉన్నదని, ధర్మం రోగిని కష్టపెట్టదని సెలవిచ్చినారు. అట్లే పుణ్యస్నానాలని, తలంటు అని కట్టు తడుపుకొను హిందూ సోదరులు కూడ తమ పెద్దలను అడిగి తెలిసికొనుట మంచిది. మడి విషయంలో మరొక మాట. మడి పేరిట మనిషిని మనిషి దూరం పెట్టిన చరిత్ర మన దేశానికి ఉన్నది. డయాలసిస్ గది మడి అట్టిది కారాదు. హెపటైటిస్-బి ఉన్న రోగికి వేరు యంత్రం, వేరు గది ఇచ్చుట అతని రక్తాన్ని వేరుచేయుటయే గాని అతనిని వెలివేయుట కాదు. చేతికి నియమం ఉండవలెను. మాటకు, చూపునకు దూరం ఉండరాదు.

ఇంటివద్దనే చేసికొను డయాలసిస్ కూడ కలదు. పొట్టలోని పొరనే వడపోతగా వాడి, మెత్తని గొట్టం ద్వారా సుమారు రెండు లీటర్ల ద్రవం నింపి, కొన్ని గంటల తరువాత తీసివేయుదురు. దినానికి సాధారణంగా నాలుగు మార్లు. 1976లో అమెరికాలో పొపోవిచ్, మోంక్రీఫ్ ఈ నిరంతర పద్ధతిని ప్రకటించినారు. మొదట గాజుసీసాలు మార్చుచున్న కాలంలో పొట్టలో చీము పట్టుట అతి తరచు; టొరంటోలో ఒరియోపౌలోస్ ప్లాస్టిక్ సంచులు ప్రవేశపెట్టుట, పిదప నింపుటకు ముందు గొట్టాన్ని ద్రవంతో కడిగివేయు పద్ధతి వచ్చుట వలన ఆ బాధ బాగుగా తగ్గినది. తగ్గించినది కొత్త మందు కాదు, గాలికి తెరచుకొను సందర్భాలను తగ్గించిన ఉపాయం. దూరపు అడవి పల్లెల వారికి ఈ పద్ధతి ప్రయాణం తప్పించును గాని, అప్పుడు నియమం భారమంతయు ఇంటివారి మీద పడును. సంచి మార్చునపుడు ఫ్యాను ఆపి, తలుపు మూసి, మాస్కు కట్టుకొని, సబ్బుతో చేతులు కడిగి ఆరబెట్టుకొని, కొనను తాకకుండ కలుపవలెను. బయటికి వచ్చిన ద్రవం బియ్యం కడిగిన నీళ్ళవలె మసకబారినచో ఒక్క పూటయు జాగు చేయక వైద్యుని చేరవలెను.

మన తెలుగునాట ఈ వ్యాధి దూరపు సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కబళించినది; 2023 డిసెంబరులో పలాసలో దానికొరకే పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016 కేంద్ర బడ్జెటులో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదవానికి ఆ యంత్రాన్ని అందుబాటులోకి తెచ్చినవి. తెలంగాణ ప్రభుత్వ కేంద్రాలలో ఒక్కసారి వాడి పారవేయు డయలైజర్ల పద్ధతి ప్రవేశించుట కూడ మేలైన అడుగు. యంత్రాలు వచ్చినవి, మంచాలు వచ్చినవి. ఇక రావలసినది తగినంత మంది శిక్షణ పొందిన సిబ్బంది, జట్టుకు జట్టుకు మధ్య తగిన విరామం. ఒక రోగి దిగిన తరువాత కుర్చీ తుడిచి, ఆ మందు ఆరి, చేతులు కడుగుకొనుటకు కావలసినవి కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలను మిగిల్చి మరొక రోగిని ఎక్కించితిమని లెక్క చూపు వ్యవస్థ, ఆ మిగిల్చిన నిమిషాలకు వారాల జ్వరంతో మూల్యం చెల్లించుచున్నదని గ్రహించవలెను. పరుగెత్తు మనిషి మడి కట్టుకొనలేడు.

సోదర విద్యార్థులారా, మీలో కొందరు రేపు నర్సులు, టెక్నీషియన్లు, వైద్యులు కానున్నారు. మరి కొందరు మావలె రోగి పక్కన బల్ల మీద కూర్చొనువారు కావచ్చును. మొదటివారికి మా మనవి: ఒక వృద్ధుడు "చేతులు కడుగుకొన్నారా" అని అడిగినచో అది నింద అని తలపకుడు, అతడు మీతో కలిసి కాపలా కాయుచున్నాడు. రెండవవారికి మా మనవి: ఫిస్టులా చేతిని సబ్బుతో కడిగించి పంపుడు, కట్టు తడిసినను, ఊడినను, గొట్టం చుట్టూ ఎర్రబడినను, చికిత్సలో వణుకు వచ్చినను వెంటనే చెప్పుడు, హెపటైటిస్-బి టీకాలు పూర్తి చేయించుడు, చూచినది మర్యాదగా అడుగుడు. తెలుగులో అడిగినను, ఉర్దూలో అడిగినను ఆ ప్రశ్నకు అర్థం ఒక్కటే. శుచికి సగం లేదు గనుక, ఆ ప్రశ్నను సగంలో మింగివేయకుడు.